సొరంగం అవతలి వీధి

ప్రియమైన అక్కా,

నువ్వు పంపిన పార్సిలు చేరింది. నా పాత రేడియో పుస్తకానికి వేసిన కొత్త అట్ట చూసి నీ మరదలు, "పుస్తకం కంటే అట్టే ఎక్కువ కాలం బతికేలా ఉందండీ" అంది. లోపల అక్షరాలు చెరిగిపోయినా ఇక బీరువాలో దర్జాగా నిలబడుతుంది.

ఇవాళ పొద్దున డాబా మీదికెక్కి మన గొలుసు ఫోను పెట్టె సరిచేస్తుంటే మన వీధి గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటిలే, మరిచిపోతే కదా! రేవు రైలు పట్టాల కోసం వీధిని పడగొట్టి రెండేళ్ళు దాటినా, ఓడల మీద రేడియోలు బాగుచేసి ఇంటికొస్తుంటే నా కాళ్ళు వాటంతటవే పాత మలుపు తిరుగుతాయి. అక్కడిప్పుడు ఇనుప కంచె ఉంది. ఆ కంచె పట్టుకుని, రొట్టెల అత్త కొట్టు ఎక్కడుండేదో, నువ్వు జిగురు గిన్నె పెట్టుకునే అరుగు ఎక్కడుండేదో ఊహించుకుని వెనక్కి వస్తాను. కాపలావాడు నన్ను చూసి ఏమనుకుంటున్నాడో ఏమో.

గొలుసు ఫోను మొదలెట్టిన రోజు గుర్తుందా? మొదటి పెట్టె నీ డాబా మీద, రెండోది నా డాబా మీద. నేను ఫోనులో "అక్కా, వినిపిస్తోందా?" అంటే నువ్వు, "వినిపించకేం, ఒక చెవిలో ఫోనులోంచి, ఇంకో చెవిలో గోడలోంచి!" అన్నావు. ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లూ చేరింది. ప్రతి డాబా మీదా ఒక పెట్టె, పక్క పెట్టె చెప్పింది విని ఆ పక్క పెట్టెకి చెప్పేది. దానికి యజమాని లేడు, బిల్లు లేదు. ఒక ఇంట్లో కరెంటు పోతే మాట ఇంకో డాబా మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. ఇంటి నంబరే ఫోను నంబరు.

వీధి పోయినప్పుడు సగం మంది నాతో ఈ ఫ్లాట్లకి వచ్చారు. ఇళ్ళ కిందే కొట్లు పెట్టుకోవచ్చన్న నీ మాట మీద మిగతా సగం నీతో మిల్లు టౌనుకి వచ్చారు. ఇక్కడా అక్కడా పెట్టెలు మళ్ళీ బిగించుకున్నాం, కానీ మన పెట్టె గొంతు నాలుగు డాబాలు దాటదు. నీకూ నాకూ మధ్య రోజంతా రైలు ప్రయాణం. దూరపు ఫోను చేద్దామంటే రెండు మాటలకే బోలెడు బిల్లు. దాంతో గొలుసు రెండు ముక్కలుగా ఉండిపోయింది.

దీనికి ఇప్పుడు దారి దొరికిందక్కా. మా బ్లాకుకి ఇంటర్నెట్ తీగ వచ్చింది. మీ వైపు కూడా వచ్చిందని విన్నాను. ఆ తీగలోంచి సొరంగం వేసి రెండు ముక్కల్నీ కలపొచ్చు. ఇక్కడ పొడుగు తాతయ్య పన్నెండు నొక్కితే అక్కడ గడియారాల మామయ్య ఎత్తాలి. వాళ్ళిద్దరూ ఫోనులో చదరంగం ఆడి ఎన్నాళ్ళయిందో! తాతయ్య ఇక్కడ అందరితోనూ ఆడి చూశాడు. "వీళ్ళెవరికీ ఓడిపోవడం కూడా సరిగ్గా రాదు" అంటాడు.

నువ్వు ఊఁ అంటే పని మొదలెడతాను.

నీ జవాబు కోసం కాచుకున్న
తమ్ముడు

•

చిరంజీవి తీగలరాయుడికి అక్క ఆశీస్సులు.

సొరంగమంటావు, పలుగూ పారా పట్టుకుని వస్తావేమోనని భయపడ్డాను. నాకు అర్థమయ్యేలా రాయి. కాగితం, దారం, జిగురు, అట్ట. వీటితో చెప్పగలిగితే చెప్పు, లేకపోతే మానెయ్.

ఇక్కడంతా కులాసా. రొట్టెల అత్త ఎప్పటిలాగే రొట్టెలు మాడ్చి, పొయ్యిని తిడుతోంది. గడియారాల మామయ్య ఊళ్ళో గడియారాలన్నీ సరిచేసి, తను మాత్రం భోజనానికి ఆలస్యంగా వస్తాడు. నర్సమ్మాయి డ్యూటీ నుంచి వస్తూ నా కొట్టు ముందు చెప్పులు విప్పి, స్టూలు మీద కాళ్ళు చాపుకుని, ఆసుపత్రిలో ఎవరెవరు ఏమేం అన్నారో అనుకరించి చూపిస్తుంది. అందరూ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.

నాకు పనికేం కొదవలేదు. కోర్టు వాళ్ళ కాగితాలు, బడి లైబ్రరీ పుస్తకాలు పోస్టులో వస్తాయి, కుట్టి పోస్టులోనే పంపుతాను. మనిషి మొహం చూడనక్కర్లేని పని. వయసు మీద పడ్డాక అదీ ఒక సుఖమే.

సెలవు పెట్టి వస్తానని నీ మరదలు రాసింది. నీ మరదలు కాదులే, నా మరదలు. చూడు, చెయ్యి తడబడుతోంది. ఇప్పుడు మాత్రం రావద్దని చెప్పు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాను. మంచాలూ బీరువాలూ అన్నీ బయటే ఉన్నాయి. ఎండలు తగ్గాక చూద్దాం.

తాతయ్యని రోజూ కాస్త నడవమను. చదరంగానికి కాళ్ళతో పనిలేదని వాదిస్తాడు, వినకు.

ఇట్లు
అట్టలక్క

•

అక్కయ్యకు,

కాగితంతోనే చెబుతాను, విను.

మన పెట్టెలు మాటిమాటికీ ఒక చిన్న కేక వేస్తుంటాయి: "నేనున్నాను, నువ్వున్నావా?" అని. పక్క డాబా మీది పెట్టెకి అది వినబడితే "ఉన్నాను" అంటుంది. వాటి చుట్టరికమంతా అంతే. వినబడని వాటితో వాటికి సంబంధం లేదు. నా డాబా కేక నీ డాబాకి వినబడదు కనుక, నా పెట్టె దృష్టిలో నువ్వసలు లోకంలోనే లేవు.

ఇప్పుడు ఆ కేకని ఒక చీటీ మీద రాసి కవర్లో పెట్టాననుకో. ఆ కవర్ని ఇంకో పెద్ద కవర్లో పెట్టి, పైన నీ చిరునామా రాసి ఇంటర్నెట్‌లో వేశాననుకో. దారిలో వాళ్ళకి పై కవరే కనిపిస్తుంది. నీ ఇంట్లో పెట్టె పై కవరు చించేసి, లోపలి కవర్ని విప్పకుండా మీ డాబాల పెట్టెలకి అందిస్తుంది. వాటికి వినబడేది "నేనున్నాను" అన్న కేక ఒక్కటే. అది రైలు దూరం నుంచి వచ్చిందని వాటికి తెలియదు. పక్క డాబా వాళ్ళే అనుకుంటాయి. నేను సొరంగం అన్నది దీన్నే. ఇటు ఒక పెట్టెకి, అటు ఒక పెట్టెకి ఇంటర్నెట్ తీగ ఉంటే చాలు, మిగతా వీధంతా వాటి వెనకాలే వచ్చేస్తుంది.

ఒక చిక్కుంది. నువ్వు వెళ్ళాక ఇక్కడ కొత్తగా దిగిన వాళ్ళకి నేను మీ పాత నంబర్లు ఇచ్చేశాను. రెండు ముక్కలూ కలిస్తే ఒకే నంబరుకి రెండు ఇళ్ళు మోగుతాయి. పన్నెండో నంబరు ఇప్పుడు కింద అంతస్తు పళ్ళ డాక్టరుగారిది. పాపం, బోర్డు మీద కూడా రాయించుకున్నారు. సంగతి చెప్పగానే తాతయ్య అందరిముందూ అందుకున్నాడు:

"డాక్టరూ, అది మా గడియారాలాయన నంబరు. ఆయన బతికుండగా ఇంకొకళ్ళకి చెల్లదు."

"నా బోర్డు సంగతేంటండీ?"

"మీరు పళ్ళు పీకగా లేంది, ఒక అంకె పీకలేరా?"

డాక్టరుగారు నవ్వుతూనే ఒప్పుకున్నారు, కానీ బోర్డు తిరగరాయించే ముందు రూఢిగా తెలియాలన్నారు. అందుకని అడుగుతున్నాను. మీ వైపు పాత నంబర్లు ఇప్పటికీ నడుస్తున్నాయా? ఏవైనా మారాయా?

ఇక్కడ అందరూ ఒక్కటే మాట. మీరు పలికినా పలకకపోయినా ఆ నంబర్లు మీవేనట.

నీ
తీగలరాయుడు

•

ప్రియమైన తమ్ముడికి,

నీ కవర్ల పాఠం అర్థమైంది. నేను పుస్తకం మీద అట్ట, అట్ట మీద కాగితం, దాని మీద గుడ్డ వేస్తాను. చదివేవాడికి లోపలి కథ మారదు. అంతేగా!

నంబర్లన్నీ పాతవే. ఏమీ మారలేదు.

కానీ ఒక మాట అడగనా? అంత తొందరెందుకు? రెండేళ్ళ తర్వాత ఫోనెత్తి వీళ్ళేం మాట్లాడుకుంటారు? "బాగున్నారా, బాగున్నాం" అనుకుని పెట్టేస్తే, ఆ పెట్టేసిన చప్పుడు తర్వాత ఇంకేం మిగులుతుంది? అప్పటి గొలుసు ఫోనులో పలకరింపులు ఎక్కడున్నాయి చెప్పు. "నీ పాలు పొంగుతున్నాయి, వాసనొస్తోంది", "మీవాడు నా గోడ మీద బంతి కొడుతున్నాడు". ఇవే కదా. పక్కన ఉన్నవాళ్ళకే ఆ మాటలు దొరుకుతాయి.

మీ బావ ఆఖరి రోజులు నీకు చెప్పానో లేదో. ఆయన మంచం మీంచి లేవలేనప్పుడు, మధ్యాహ్నం పూట ఫోను ఎత్తి, అందరికీ కలిపి పెట్టిన సున్నా నంబరు నొక్కి, రిసీవరు ఆయన తలగడ మీద పెట్టేదాన్ని. వీధంతా వినపడేది. అత్త రొట్టెల రేకులు దించుతున్న చప్పుడు, తాతయ్య "గుర్రం ముందుకి" అనడం, మామయ్య "నాకు తెలుసు" అనడం, ఎవరో పిల్ల ఎక్కం తప్పు చెప్పడం. ఆయన కళ్ళు మూసుకుని, "ఏడు ఎనిమిదులు యాభై నాలుగంటుందేమిటి, దిద్దవే" అనేవారు. ఆ పిల్లకి నేను ఫోనులోనే దిద్దేదాన్ని. అదెవరో వీధిలో నాకిప్పటికీ తెలీదు.

అది వీధి. దాన్ని మోసుకెళ్ళొచ్చని మీ అందరికీ చెప్పినదాన్ని నేనే. డాబా ఎక్కి ఎంత గట్టిగా చెప్పానో!

పోనీలే, నీ ఇష్టం. సొరంగానికి కావలసిన సామాను పార్సిలు పంపు.

అక్క

•

అక్కా,

పార్సిలు పంపాను. తెల్ల పెట్టె ఒకటి, దానికి తీగలు రెండు. నల్ల తీగ కరెంటుకి. నీలం తీగ ఒక చివర ఇంటర్నెట్ వాళ్ళు పెట్టిన డబ్బాలోకి, రెండో చివర తెల్ల పెట్టెలోకి. నీ పాత పెట్టె పక్కనే పెట్టు, అవి రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. సెట్టింగులన్నీ ఇక్కడే చేసి పంపాను. నువ్వు చేయాల్సింది స్విచ్చి వేయడమే.

వచ్చే ఆదివారం పొద్దున కలుపుతున్నాం. డాక్టరుగారు బోర్డు తిరగరాయించారు. తాతయ్య కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. "ఫోనులో చొక్కా కనపడదు తాతయ్యా" అంటే, "నాకు కనపడుతుందిగా" అన్నాడు. నీ మరదలు బడి పిల్లల కుర్చీలు అడిగి తెప్పించి హాల్లో వేసింది.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఏం మాట్లాడుకుంటారని అడిగావు. నాకూ తెలీదు. కానీ కలిపి చూడాలి కదా.

ఆదివారం వినిపిస్తావు.

నీ తమ్ముడు

•

అక్కా,

ఈ ఉత్తరం స్టేషనులో కూర్చుని రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆదివారం పొద్దున మా హాల్లో కాలు పెట్టే చోటు లేదు. కంప్యూటరు తెర మీద మా డాబాలన్నీ పచ్చ చుక్కలుగా కనిపిస్తున్నాయి. సొరంగం తెరిచాను. ముందేమీ లేదు. కాసేపటికి అవతల ఒక చుక్క వెలిగింది. అది నీది. అందరూ చప్పట్లు కొట్టారు. మిగతావి ఒక్కొక్కటే వస్తాయని చెప్పాను. తాతయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

ఇంకేమీ రాలేదు.

నీ నంబరు నొక్కాను. నువ్వు ఎత్తావు. "అక్కా" అన్నాను. నువ్వు ఊపిరి తీసుకోవడం వినపడింది. మన గోడలోంచి వినపడేదే, అంత దగ్గరగా. తర్వాత నువ్వు "పొయ్యి మీద పాలున్నాయి రా" అని పెట్టేశావు.

వాళ్ళందరూ నా మొహం చూస్తున్నారు. "అవతల కరెంటు పోయింది, అక్క పెట్టెకి బ్యాటరీ ఉంది కనుక అదొక్కటే వెలిగింది" అన్నాను. తాతయ్య కొత్త చొక్కా బొత్తాలు సవరించుకుంటూ, "మరి వచ్చాక పిలవరా" అని మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఎందుకు చుట్టూ ఒక్క చుక్కా లేదో వాళ్ళెవరికీ తట్టలేదు. నాకు తట్టింది. పెట్టె పాడైతే ఒకటో రెండో పాడవుతాయి. వీధంతా ఒకేసారి పాడవదు.

నీ మరదలికి చెప్పాను. అది ఒక్కమాటే అంది, "అయితే వదిన ఇన్నాళ్ళూ అక్కడ ఒక్కతే ఉందాండీ?"

అందుకే బయల్దేరాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే తలుపు తీసి ఉంచు. సున్నాలు వేయిస్తున్నా సరే, మంచాలు బయటున్నా సరే.

తమ్ముడు

•

తమ్ముడికి,

నువ్వు వెళ్ళి వారమైంది. ఇప్పుడు ఫోనెత్తితే నీతో మాట్లాడొచ్చు. కానీ మీ ఇంట్లో నీ పక్కన ఎవరో ఒకరు చెవి ఒగ్గి ఉంటారు, అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

నీ ఉత్తరం నువ్వు వచ్చిన మర్నాడు వచ్చింది. గుమ్మంలో నిన్ను చూసి నేను ఏడుస్తానని భయపడినట్టున్నావు. నువ్వే ఏడ్చావు. నేను అన్నం పెట్టాను. నువ్వు తింటూ, పక్క కొట్ల షట్టర్లు చూస్తూ, ఏమీ అడగలేదు. అందుకు నీ రుణం ఎలా తీర్చుకోను?

నువ్వు అడగలేదు కనుకే చెబుతున్నాను. మొదటి ఏడాది అంతా బాగానే ఉంది. పెట్టెలు పలికాయి, కొట్లు తెరిచారు. తర్వాత మిల్లు సగం మూతపడింది. రొట్టెలు కొనేవాళ్ళు తగ్గారు. గడియారం ఆగిపోతే ఆగిపోనీ అనుకునే రోజులు వచ్చాయి. అత్త తన కూతురి దగ్గరికి వెళ్ళింది. మామయ్య ఏదో ఊళ్ళో పెద్ద కొట్టులో పనికి కుదిరాడు. నర్సమ్మాయికి బదిలీ అయింది. ఒక్కొక్కరూ వెళ్ళేటప్పుడు నా కొట్టు ముందు నిలబడి, నేలచూపులు చూస్తూ, "అక్కా, మరి..." అనేవారు. నేను "వెళ్ళిరండి" అనేదాన్ని. వాళ్ళు నా మొహం చూడలేకపోతే, నా మీద కోపమనుకున్నాను. నా మాట నమ్మి ఇంత దూరం వచ్చినవాళ్ళు కదా.

వాళ్ళ ఇళ్ళల్లో ఎవరెవరో దిగారు. నేను వాళ్ళ వైపు తలెత్తి కూడా చూడలేదు. మామయ్య పన్నెండో నంబరు ఇంట్లో ఎవరో తలుపు తీస్తుంటే నేను నా తలుపు వేసేసుకునేదాన్ని.

వాళ్ళు ఇక్కడే ఉన్నట్టు నీకు రాసినవన్నీ నిజంగా జరిగినవే. అత్త మాడ్చిన రొట్టె, నర్సమ్మాయి అనుకరణ, అన్నీ. కాకపోతే ఏడాది కిందటివి. ఉత్తరంలో రాస్తున్నంత సేపూ వాళ్ళు ఉన్నట్టే ఉండేది నాకు.

నీ తెల్ల పెట్టె వచ్చినప్పుడు, దారిలో పగిలిందని రాసేద్దామనుకున్నాను. స్విచ్చి మీద వేలు పెట్టి ఎంతసేపు నిలబడ్డానో. కానీ నీ గొంతు వినాలనిపించిందిరా.

నువ్వు వెళ్ళేటప్పుడు వాళ్ళ చిరునామాలు అడిగావు. టపా పంపమని ఇచ్చి వెళ్ళారు కదా, ఇదిగో, వెనక పేజీలో రాశాను. ఏం చేస్తావో చెయ్యి. నా తరఫున ఏమీ అడగొద్దు.

అక్క

•

ప్రియమైన అక్కా,

సెలవు పొడిగించుకున్నాను. మా సూపర్వైజరు, "ఓడలు మీ కోసం ఆగవండీ" అన్నాడు. "వీధి ఆగిందండీ" అన్నాను. ఆయనకేమర్థమైందో.

ముందు రొట్టెల అత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అల్లుడిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. వంటింట్లో గట్టు మీద, డబ్బాల మధ్య మన పెట్టె ఉంది. కరెంటు తగిలించే ఉంది. నారింజ దీపం ఆగి ఆగి వెలుగుతోంది. "అత్తా, ఇక్కడ చుట్టుపక్కల ఇంకో పెట్టె లేదుగా, ఎందుకు పెట్టారిది?" అన్నాను. అల్లుడు నవ్వుతూ, "నేనూ చెప్పానండీ, ఊరికే కరెంటు తింటోందని. తీయనివ్వదు" అన్నాడు. అత్త మూకుడు తోముతూ వెనక్కి తిరక్కుండానే, "అది పిలుస్తోందిరా. పిలిచేదాని నోరు ఎలా మూస్తాం?" అంది.

మూకుడు బోర్లించి అడిగింది: "అట్టలక్కకి నా మీద కోపం పోయిందా?"

నాకు అర్థం కాలేదు. "ఆవిడ మమ్మల్నందర్నీ చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళింది. మొగుడు పోయిన మనిషి. ఆవిణ్ణి ఒక్కదాన్నీ అక్కడ వదిలేసి వచ్చాను. ఉత్తరం రాద్దామని కూర్చుంటాను, ఏ మొహం పెట్టుకుని రాయను?" అంది. అక్కా, నువ్వు రాసిన మాటే. అటు నుంచి.

మామయ్య ఒక పెద్ద కొట్టు మెట్ల కింద గదిలో ఉంటున్నాడు. గోడ నిండా ఎవరెవరివో గడియారాలు. మన పెట్టె మంచం తలవైపు ఉంది. నన్ను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న: "పొడుగాయన ఉన్నాడా?" ఉన్నాడన్నాను. కళ్ళద్దం తీసి తుడుచుకున్నాడు. "అక్కయ్యకి చెప్పకుండా ఆ ఇల్లు ఖాళీ చేసినట్టు అయింది బాబూ. చెప్పాను, కానీ చెప్పాల్సినట్టు చెప్పలేదు" అన్నాడు. నర్సమ్మాయి హాస్టలు కిటికీలో కూడా పెట్టె ఉంది. ఆ పిల్ల దాన్ని చూపించి, నేను మాట్లాడినట్టే మాట్లాడి నన్ను నవ్వించింది. తర్వాత అటు తిరిగి ముక్కు చీదుకుంది.

చూడు, ఒక్కరూ పెట్టె ఆపలేదు. పలికేవాళ్ళు లేని ఊళ్ళల్లో అవి "నేనున్నాను, నువ్వున్నావా" అంటూనే ఉన్నాయి.

నేనే బుర్ర తక్కువవాణ్ణి. రెండు వీధులు ఉంటేనే సొరంగం అనుకున్నాను. ఒక్కొక్క పెట్టెకీ ఒక్కొక్క సొరంగం వేస్తే ఏం? అత్త అల్లుడి కొట్లో ఇంటర్నెట్ ఉంది. మామయ్య గది పక్కనే నెట్ సెంటరు, వాళ్ళు తీగ ఇస్తామన్నారు. హాస్టల్లో సరేసరి. ముగ్గురికీ తెల్ల పెట్టెలు బిగించి, సెట్టింగులు చేసి వచ్చాను. మిగతా వాళ్ళకి పోస్టులో పంపుతున్నాను. అన్నీ నీ పెట్టెలోకి వచ్చి చేరేలా పెట్టాను. నా పెట్టెలోకి కాదు, నీ దాంట్లోకి. నీ ఇంటి మీదుగానే అందరూ కలుస్తారు.

వచ్చే ఆదివారం పొద్దున స్విచ్చి ఆపకు.

తమ్ముడు

•

ప్రియమైన తీగలరాయుడికి,

ఫోనులో వీధంతా వింటోంది కనుక ఈ సంగతి ఉత్తరంలో రాయక తప్పడం లేదు.

ఆదివారం పొద్దున్నే లేచి, ఇల్లు ఊడ్చి, ఫోను ముందు కూర్చున్నాను. ఏం మాట్లాడాలో మనసులో ఎన్నిసార్లు కూడబలుక్కున్నానో. "అందరూ క్షమించండి" అందామా, "అందరూ కులాసాయేనా" అందామా అని. ఫోను మోగింది. సున్నా నంబరు. ఎత్తాను. ఎవరూ పలకలేదు. అందరూ ఉన్నారని తెలుస్తోంది, ఊపిర్లు వినపడుతున్నాయి. ఒక్కరూ నోరు తెరవరు!

అప్పుడు రొట్టెల అత్త అరిచింది. "ఎవరమ్మా అది, ఫోను దగ్గర గిన్నెలు కడుగుతున్నారు? చెవులు పగిలిపోతున్నాయి!"

"నేనే అత్తా" అంది నీ పెళ్ళాం. "మాట్లాడరేమోనని ఈలోపు నాలుగు గిన్నెలు కడుగుదామనుకున్నాను."

ఇక చూడు. అందరూ ఒకేసారి మొదలెట్టారు. మీ పళ్ళ డాక్టరు, తన నంబరు తీసుకున్న గడియారాలాయన్ని ఒకసారి చూడాలన్నాడు. తాతయ్యా మామయ్యా పక్కకెళ్ళి వేరే పిలుచుకున్నారు. చదరంగం ఆడతారనుకున్నాను. మామయ్య తర్వాత చెప్పాడు, ఇద్దరూ చాలాసేపు మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడుకున్నారట. అత్త నన్ను వేరుగా పిలిచింది. క్షమాపణలేమీ లేవు. "నువ్వు చిక్కిపోయావట, తమ్ముడు చెప్పాడు" అంది. "నువ్వు లావెక్కావట" అన్నాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం. అంతే. ఇన్నాళ్ళూ దానికోసమా నేను భయపడింది?

ఏం మాట్లాడుకుంటారని నిన్ను అడిగాను కదా. చాడీలు చెప్పుకుంటున్నారు తమ్ముడూ. నిన్నటికే ముగ్గురు అలిగారు.

అసలు సంగతి ఇది. మంగళవారం మధ్యాహ్నం నేను ఫోను బల్ల మీద తెరిచి ఉంచి, కోర్టు కాగితాలు కుడుతున్నాను. నర్సమ్మాయి డాక్టర్లని అనుకరిస్తోంది, నేను పడీ పడీ నవ్వుతున్నాను. ఎదురుగా ఎవరో నిలబడినట్టయింది. మామయ్య ఉండిన ఇంట్లో దిగినావిడ. ఏడాదిగా నేను కన్నెత్తి చూడని మనిషి. మిల్లులో కాగితం తూకం వేస్తుందట, మొగుడు లారీ మీద పోతే నెలకోసారి వస్తాడట. ఇవన్నీ ఆ రోజే తెలిశాయి. చేతిలో తడి బట్టలున్నాయి. డాబా మీద ఆరేయడానికి వెళ్తూ ఆగినట్టుంది.

"ఏమీ అనుకోకండి అక్కా. మీ ఇంట్లో ఎప్పుడూ చప్పుడుండదు. ఇవాళ ఇంతమంది నవ్వు వినపడితే, చుట్టాలొచ్చారేమోనని..." అంది.

"వచ్చారమ్మా" అన్నాను. కుర్చీ చూపించాను.

లోపలికొచ్చి చూస్తే మనుషులెవరూ లేరు. రిసీవరు ఒక్కటే ఉంది. ఆ పిల్ల మొహం చూడాలి నువ్వు! ఆ సందులో ఫోనులోంచి అత్త, "ఎవరే అక్కా, కొత్త గొంతు?" అని అరిచింది. ఆ పిల్ల ఉలిక్కిపడి బట్టలు కింద పడేసింది. తర్వాత కూర్చుంది. లేవనే లేదు. బట్టలు అలాగే ఎండిపోయాయి.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి అడిగింది: "ఇది మా ఇంటికి కూడా పెట్టుకోవచ్చా అక్కా? సాయంత్రాలు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది." ఆవిడ చెబితే ఆ పక్కింటివాళ్ళూ, ఎదురుగా రెండిళ్ళవాళ్ళూ పెట్టుకుంటారట. ఇంతకాలం నేను తలుపు వేసుకుని ఉన్నానని వాళ్ళు నన్ను కోపిష్ఠిదాన్ననుకున్నారట. చెబుతూ నవ్వింది. నేనూ నవ్వాను.

కనుక నాలుగు పెట్టెలు పంపు. వీటికి ఇంటర్నెట్ తీగలూ, సొరంగాలూ అక్కర్లేదు. మాది గోడకి గోడే. ఎలా బిగించాలో నాకు తెలుసు. మొదటి పెట్టె నా డాబా మీద ఎలా బిగించావో చూశానుగా.

నంబర్ల సంగతి మాత్రం నువ్వే తేల్చాలి. ఈ పిల్ల ఉంటున్నది మామయ్య ఇల్లే కానీ పన్నెండు ఆయనదే. ఎక్కడున్నా ఆయనదే. ఈవిడకి ఇంతవరకు మన వీధిలో ఎవరికీ లేని నంబరొకటి ఇవ్వు. రాయడం ఆపుతున్నాను, గోడ మీద తడుతోంది.

ప్రేమతో
మీ వీధి అట్టలక్క